భీమశంకరంగారి కొట్టులో అరుపు

ఏలూరు కాలవగట్టున, పాత బియ్యం మిల్లు వెనకాల ఒక సందుంది. చీకటి పడ్డాక అందులోకి కుక్క కూడా వెళ్లదంటారు. వెళ్లిన ఒక్క కుక్కా మళ్లీ మొరగలేదట — ముసలితనం వల్లనేమో, మనకి తెలీదు.

సందు చివర భీమశంకరంగారి రికార్డుల కొట్టు. ఆయన పోయి రెండేళ్లు. కొట్టు తలుపులు మూసే ఉన్నాయి. అయినా పొద్దుగూకేసరికి లోపల్నించి... అరుపు.

మనిషి అరుపు కాదు. గొంతులో కంకర పోసి మర ఆడించినట్టు... కింద నుంచి దడదడమని మోత.

"పోయినాయన పాడుతున్నాడు" అనేవారు జనం. బతికుండగా ఆయన ఏనాడూ పాడిన పాపాన పోలేదు.

ఈ కబురు కొల్లేరు దాటి కైకలూరు చేరింది. అక్కడ రొయ్యల మేత కొట్టులో బిల్లులు కొట్టే కుసుమ చెవిన పడింది. చుట్టూ ఉన్నవాళ్లు గుండెలు చిక్కబట్టుకుని వింటుంటే, కుసుమ ఒక్కటే అడిగింది.

"ఆ దడదడ... డ్రమ్ముల్లా ఉంటుందా అండీ?"

"ఆఁ, అలాగే ఉంటుందట."

కుసుమ ఒళ్లు జలదరించింది. భయంతో కాదు — ఆశతో.

ఆ పిల్లకి హెవీ మెటల్ పాటల పిచ్చి. గిటార్లు ఉరిమి, పాడేవాడు పులిలా గాండ్రిస్తే తప్ప దానికి పాట విన్నట్టుండదు. ఫోనులో వింటే తృప్తి లేదు. నల్లటి రికార్డు తిరగాలి, సూది గీరాలి. దానికోసం కిందటేడు సెలవు పెట్టి హైదరాబాదంతా జల్లెడ పట్టింది. పేరున్న రికార్డుల షాపు ఒకటి ఫోను కవర్ల షాపైపోయింది. ఇంకోటి బిర్యానీ పాయింటు. మరోచోట రికార్డులున్నాయి గానీ, వాటికి ముళ్లు బిగించి గోడ గడియారాలని అమ్ముతున్నారు. కుసుమకి అక్కడే ఏడుపొచ్చింది.

చివరికి ఎవరింటి మెట్ల కిందో ఇరుకు దుకాణం దొరికింది. అందులో పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ, "మెటలా? ఓ పెట్టె ఉండేదమ్మా. అట్టల మీద పుర్రెలూ, మంటలూ. మీవైపాయనే, ఊరు గుర్తులేదు గానీ పేరు భీమశంకరంగారని... కాళికాదేవి భక్తి గీతాలనుకుని పెట్టెతో సహా పట్టుకుపోయారు" అన్నాడు.

ఆయన చెప్పిన పేరూ ఈ దెయ్యం పేరూ ఒకటే. అంత మహానగరంలో దొరకని సరుకు, దెయ్యం కాపలాతో, బస్సు దూరంలో ఉంది!

ఆ సాయంత్రమే కుసుమ బస్సెక్కింది. ఏలూరులో దిగేసరికి మసకచీకటి. ఆటో ఎక్కితే, డ్రైవరు యేసుదాసు సందు మొదట్లోనే బ్రేకు వేశాడు.

"ఇక్కణ్ణించి నడిచెళ్లండమ్మా. నాకు పిల్లలున్నారు."

"రికార్డులు కొనుక్కుని వచ్చేస్తానండీ. కాసేపు ఆగరా?"

అతను జాలిగా చూశాడు. "మీకోసం ప్రార్థన చేస్తానండీ" అని గొణిగి, ఆటో వెనక్కి తిప్పేశాడు.

కుసుమ నడిచింది. ఒక్క దీపం లేదు. తడిసిన ఊక వాసన. అడుగు తీసి అడుగు వేస్తుంటే, తన చెప్పుల చప్పుడే ఎవరో వెంటవస్తున్నట్టు...

అరుపు లేదు.

కొట్టు ముందు నిలబడి చెవి ఒగ్గింది. ఏమీ లేదు. అప్పుడేసింది భయం. అరుపుంటే అది మెటలు. అరుపు లేకపోతే... మరి ఈ కొట్టులో ఉన్నదేంటి?

తలుపు తట్టబోయింది. తట్టకముందే తలుపు కిర్రుమంది. చీకట్లోంచి చల్లటి చెయ్యొకటి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఎవరూ..."

తెల్లచీర. విరబోసిన తెల్లజుట్టు. కుసుమ చెయ్యి విడిపించుకోబోయింది.

"రి... రికార్డుల కోసం అండీ..."

ఆ ఆకారం వంగి ఆమె కాళ్లకేసి చూసింది. తర్వాత గుసగుసగా అంది: "చెప్పులు బయట విడిచి రా."

కుసుమకి ప్రాణం లేచొచ్చింది. చెప్పుల పట్టింపున్న దెయ్యం గురించి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిడ వెంకటనరసమ్మగారు, భీమశంకరంగారి భార్య. కొట్టు వెనక గదుల్లోనే ఉంటారు. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్నారంతే. కొవ్వొత్తి వెలుగులో గోడ పొడుగునా రికార్డులు — పుర్రెలు, మంటలు, కొమ్ములు. కుసుమకి కోవెల్లోకి వచ్చినట్టుంది.

"ఇవన్నీ అమ్ముతారా మామ్మగారూ?"

"అమ్మేస్తే నా ఇంటికి కాపలా ఎవరే?" అన్నారావిడ. "మా మరిది కొడుకు దుర్గారావు ఈ ఇల్లు అమ్మించి అపార్టుమెంటు కట్టించాలని చూస్తున్నాడు. ఉమ్మడి ఆస్తి. కొనేవాడు దొరికితే నన్ను సంతకానికి కూర్చోబెడతాడు. దెయ్యముందంటే ఎవడు కొంటాడు? అందుకే రోజూ దీపాలవేళ ఒకటి పెట్టేదాన్ని. ఆయన పోతూ పోతూ నాకిచ్చిన ఆస్తి ఇదే తల్లీ. ఒక్క ముక్క అర్థమై చావదు గానీ, చాలా నమ్మకమైన పాటలు."

"మరివాళ పెట్టలేదేంటండీ?"

"సూది విరిగింది." ఆవిడ విరిగిన ముక్కని అరచేతిలో చూపించారు. "దెయ్యం గియ్యం ఏమీ లేదని చూపించడానికి, ఇవాళే కొనే పార్టీని తీసుకొస్తున్నాడు..."

మాట పూర్తికాలేదు. సందు మొదట్లో కారాగింది. ఫోను లైట్లు ఊగుతూ వస్తున్నాయి.

"చూశారా అండీ?" దుర్గారావు గొంతు. "ఎంత ప్రశాంతంగా ఉందో!"

వెంకటనరసమ్మగారు కొవ్వొత్తి ఆర్పేసి గోడకి జారగిలబడ్డారు. అడుగులు దగ్గరయ్యాయి...

కుసుమకి ఒక రహస్యం ఉంది. వాళ్ల రొయ్యల చెరువు మీద నీళ్లు చిలికే ఏరేటర్లు హోరుమని తిరిగేటప్పుడు, గట్టున నిలబడి, ఆ మోత చాటున తనూ గాండ్రించేది. ఏళ్ల తరబడి సాధన. మనిషన్నవాడెవడూ వినలేదు. గొంతు బొంగురుపోతే వాళ్లమ్మ మిరియాల పాలిచ్చేది.

కిటికీ దగ్గరికెళ్లింది. కళ్లు మూసుకుంది. పొట్ట నిండా గాలి పీల్చింది.

వదిలింది.

వెంకటనరసమ్మగారు రెండు చెవులూ మూసుకుని, తమ ఇంట్లో తామే ఆంజనేయ దండకం ఎత్తుకున్నారు. బయట ఫోన్లు కిందపడ్డాయి. "ఓరి నాయనోయ్!" ఎవరో డ్రైనేజీలో పడ్డారు. లేచారు. మళ్లీ పడ్డారు. పరుగులు సందు మొదటిదాకా వెళ్లి ఆగాయి.

నిశ్శబ్దం.

అంతలో... ఒక్క జత అడుగులు. వెనక్కి. మెల్లగా. కొట్టువైపే.

కిటికీ చువ్వల మీద ఒక చెయ్యి. దాని వెనక భుజాల దాకా వేలాడే జుట్టు. ఆడవాళ్లిద్దరూ ఒకరినొకరు కావలించుకున్నారు.

"ఏవండీ..." ఆకారం గుసగుసలాడింది. "రికార్డులు అమ్ముతారాండీ?"

కుసుమ ఫోను లైటు వేసింది. నల్లటి టీషర్టు, దాని మీద పుర్రె, చెమటలు కక్కుతున్న కుర్రమొహం.

"నా పేరు ఫణికిరణండీ. తాడేపల్లిగూడెం. ఆ పార్టీ వాళ్ల కారు తోలుకొచ్చానండీ. ఇందాక వేసింది... ఏ బ్యాండుదండీ? హైదరాబాదంతా తిరిగానండీ, అంత గొంతు ఎక్కడా వినలేదు."

"అది రికార్డు కాదండీ," అంది కుసుమ. సిగ్గు ముంచుకొచ్చింది. "నేనేనండీ."

అతను చువ్వలు వదిలి ఓ అడుగు వెనక్కేశాడు. రెండు చేతులూ జోడించాడు.

"ప్రోగ్రాములిస్తారాండీ?"

"ఇస్తుంది నాయనా," అన్నారు వెంకటనరసమ్మగారు జుట్టు ముడేసుకుంటూ. "అది తర్వాత. మీ పార్టీ ఇంకా అక్కడే ఉన్నట్టుంది. వాళ్లకేం చెబుతావ్?"

ఫణికిరణ్ కాస్త ఆలోచించాడు. సందు మొదటికేసి తిరిగి, గొంతు సవరించుకుని... అరిచాడు.

డ్రైవరు లేకుండానే కారు వెళ్లిపోయింది.