పెన్న వంతెన దాకా డీజిల్

"శ్రీవత్సా, ఆ రైల్లో డీజిల్ పెన్న వంతెన దాకానే వస్తుంది," ఫోన్‌లో చీఫ్ గొంతు. "ఫ్యూయల్ గేజ్‌ను మార్చేశారు. ఎంత ఖర్చయినా సగం ట్యాంకు చూపిస్తుంది. బండి వంతెన మీద ఆగితే, కింద ఇసుకలో విదేశీ ముఠా మనుషులు రెడీ. రెండో పెట్టెలో పద్మనాభయ్య ఉన్నాడు. ముఠా గుట్టు తెలిసిన ఏకైక సాక్షి. ఆయన బతకాలి."

"గేజ్ మార్చిందెవరు?"

"తెలీదు."

అసిస్టెంట్ డ్రైవర్ వేషంలో నంద్యాలలో ఎక్కిన శ్రీవత్సకు నొస్సం స్టేషన్ దాటాక జవాబు తెలిసింది. ఫ్యూయల్ ఇన్‌స్పెక్టర్‌నంటూ క్యాబిన్‌లో కూర్చున్న సింధూ, పట్టుచీర కొంగు చాటునుంచి పిస్టల్ తీసి డ్రైవర్ ఫరూఖ్ డొక్కలో ఆనించింది.

సింధూ! తన ఏజెన్సీ మనిషే. తనలాగే వేషం మార్చుకుని డ్యూటీ మీద వచ్చిందనుకున్నాడు. ఒకప్పుడు ఆ నవ్వుకు ప్రాణమైనా ఇచ్చేవాడు. ఇప్పుడు ఏమీ అనిపించలేదు. పన్ను పీకించుకున్నాక దవడ మొద్దుబారినట్టుంది, అంతే.

"సిగ్నల్ పడితే తప్ప బండి ఎక్కడా ఆగకూడదు వత్సా. ఆపావా, ముందు ఈయన పోతాడు."

జమ్మలమడుగులో ఎర్ర సిగ్నల్ పడింది. ఎదురుగా గూడ్స్ వస్తోంది.

"అంతదాకా ఇంజిన్ ఆపు. చెవులు పోతున్నాయి," విసుక్కుంది సింధూ.

"ఆపితే మల్లా ఎత్తుకోదమ్మా," అన్నాడు ఫరూఖ్. "బ్యాటరీ సచ్చింది. క్రాసింగుల్లో మేం యాడా ఆపం."

శ్రీవత్సకు చటుక్కున వెలిగింది. సింధూ కిలోమీటర్లకే లెక్క కట్టింది. నిలబడి కూడా ఇంజిన్ డీజిల్ తాగుతుందన్నది ఆమె లెక్కలో లేదు!

స్టేషన్ మాస్టర్ మొయిన్ కిటికీ దగ్గరికొచ్చాడు. ఏజెన్సీకి నమ్మకస్తుడు. సింధూ పిస్టల్‌ను కొంగుతో కప్పింది.

"మామా, నన్నారి షర్బత్ దొరుకుతాదా?" అడిగాడు శ్రీవత్స.

బండిని త్వరగా వదలొద్దని, ముందు స్టేషన్‌కు పోలీసులను పిలవమని ఏజెన్సీ సంకేతంలో దాని అర్థం. మొయిన్ రెప్ప వేయలేదు. "ఈ ఎండకు యాడిదప్పా? ఇంకో రెండు గూడ్సులుండాయి. శానాసేపు కూచోవాల్సిందే."

"ఏందప్పా ఈ బండి? నడిచి పోయింటే ఈపాటికి పెండ్లి భోజనం గూడా అయిపోయేది!" పెట్టెల్లోంచి పెళ్లివారి తిట్లు మొదలయ్యాయి. ఇంజిన్ మాత్రం గుడగుడలాడుతూనే ఉంది. సింధూ గేజ్ వైపు చూసింది. సగం. నిశ్చింతగా ఉంది.

చివరికి బండి కదిలింది. ప్రొద్దుటూరు చేరింది. తర్వాత వంతెనే. పచ్చ లైటు పడింది. ఫరూఖ్ హ్యాండిల్ తిప్పాడు.

ఇంజిన్ రెండుసార్లు దగ్గి చచ్చింది.

"డీజిల్ సగం ఉంది కదా!" సింధూ గేజ్ వైపు తిరిగింది.

కంగారులో తను మార్చిన గేజ్‌నే తను నమ్మింది, పాపం. శ్రీవత్స ఆమె మణికట్టు మెలిపెట్టాడు. పిస్టల్ కింద పడింది. మొయిన్ కబురుతో ప్లాట్‌ఫారం మీద కాచుకున్న పోలీసులు లోపలికి దూకారు. పద్మనాభయ్యను జీపెక్కించారు.

"వత్సా..." అంది సింధూ, బేడీలతో.

"మెట్టు ఎత్తుగా ఉంది. చూసి దిగు," అన్నాడు. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

ఫోన్ మోగింది. "శభాష్! ఏం కావాలో అడుగు," అన్నాడు చీఫ్.

శ్రీవత్స కిటికీలోంచి చూశాడు. పెళ్లివారంతా చెప్పులు చేతబట్టుకుని డ్రైవర్ల మీదికి వస్తున్నారు.

"డీజిల్, సార్. కాస్త త్వరగా."