తొమ్మిదో నంబరు నొప్పి

కార్ఖానాలోని ఇనప చెయ్యి యంత్రం మరియదాసు కుడి భుజాన్ని పట్టుకుని పైకెత్తింది. ఎముక విరిగిన చప్పుడు బెజవాడ ఆటోనగర్ నాలుగో రోడ్డు దాకా వినిపించింది. అబద్ధమనుకునేవాళ్లు అనుకోండి, ఐదో రోడ్డు వాళ్లు కూడా విన్నామన్నారు.

దాసు బావ యేసుపాదం సమ్మెట అందుకున్నాడు. అతను మామూలు ఫిట్టరు కాడు. వయసులో ఉండగా సమ్మెట ఎత్తితే ఏలూరు కాలవ రెండడుగులు వెనక్కి నడిచి, అతని మొహం చూసి, ఫరవాలేదనుకుని మళ్లీ ముందుకొచ్చేది. అలాంటివాడు అరవయ్యో ఏట, బావమరిది ప్రాణం కోసం, ఆ ఇనప చేతిమీద పదకొండు దెబ్బలు వేశాడు. చెయ్యి వంగిందే గాని వదల్లేదు. పక్కనున్న నలభై టన్నుల సుత్తి యంత్రం మాత్రం దెబ్బదెబ్బకీ రెచ్చిపోయి దాగలిని బాదింది. అది బాదినప్పుడల్లా చేతి పట్టు ఇంకా బిగిసింది. దాసు నెత్తురు బావ నెత్తిన పడింది.

డాక్టర్ ఇందుమతి తయారుచేసిన ఈ యంత్రాలకు నొప్పి తెలుస్తుంది. ఎక్కడ దెబ్బ తగిలినా ఆ కబురు వైఫైలో కంప్యూటర్‌కు పోతుంది. కంప్యూటర్ దాన్ని నొప్పిగా మార్చి ఆ యంత్రం అడ్రస్‌కే తిప్పి పంపుతుంది. అప్పుడది జాగ్రత్తపడుతుంది, పగిలిపోదు. అందుకే ఒక్కో యంత్రానికీ ఒక్కో నంబరు.

ఇందుమతి స్క్రీన్ ముందు చెమటలు కక్కుతోంది. "ఆగమని ఎన్నిసార్లు పంపినా ఆర్డరు తిరిగొస్తోంది. మెయిన్ తీసినా లోపల బ్యాటరీలున్నాయి. కనెక్షన్ ఎక్కడ చెడిందో తెలియట్లేదు."

"నేను కొడుతోంది చేతిని మేడమ్. అబ్బా అంటోంది సుత్తి," అన్నాడు యేసుపాదం. "ఆ రెండింటి నంబర్లు చూడండి."

రెండూ తొమ్మిదే.

ఇందుమతి ఓనరు వెంకటరత్నం వైపు తిరిగింది. "సుత్తికి నేను ఎనిమిది ఇచ్చాను కదండీ?"

"ఎనిమిది శని నంబరమ్మా. నా కారు తొమ్మిది, ఫోను తొమ్మిది. కొత్త సుత్తి కదా అని పొద్దున నేనే మార్చాను. చేతికీ అదే ఉంది, ఇంకా కలిసొస్తుందనుకున్నా."

"దీని నొప్పి దానికి, దాని నొప్పి దీనికి పోతోంది. వెంటనే మార్చాలి. మీ వేలిముద్ర పెట్టండి."

"ఒక్క నిమిషం. న్యూమరాలజీ ఆయనకి ఫోన్ చేసి..."

యేసుపాదం అతని మెడ పట్టుకుని మొహాన్ని టేబుల్‌కేసి కొట్టాడు. రెండు పళ్లు కీబోర్డు మీద రాలాయి. బొటనవేలు విరిచి మరీ రీడర్ మీద అదిమాడు.

"ఎనిమిది పెట్టండి మేడమ్."

సుత్తి ఇంకో దెబ్బ వేసింది. ఈసారి ఆ దెబ్బ దానికే తెలిసింది. మళ్లీ పైకి లేచి, గాల్లోనే ఆగి వణికింది. ఇనప చెయ్యి విచ్చుకుంది. దాసు మూటలా బావ మీద పడ్డాడు. దాసు కుడిచెయ్యి మాత్రం తెగి యంత్రంలోనే ఇరుక్కుపోయింది.

యేసుపాదాన్ని అదే రోజు గేటు బయట పెట్టారు. సుత్తి మాత్రం నెల తిరిగినా కిందికి దిగలేదు.

"ఆ నొప్పేదో తీసేయండి డాక్టరమ్మా," అన్నాడు వెంకటరత్నం, ఊడిన పళ్ల సందులోంచి.

"తీసేస్తే వారంలో పగిలిపోతుంది. ఎవరో ఒకరు పడాల్సిందే."

"ఎవరో ఒకరు," అని అతను గడ్డం నిమురుకున్నాడు.

మర్నాడు గేటుకు బోర్డు వేలాడింది: 'సుత్తి నొప్పి పడుటకు మనిషి కావలెను. భోజనం ఉచితం.' లైను బెంజి సర్కిల్ దాటి, మలుపు తిరిగి, మళ్లీ గేటు దగ్గరికే వచ్చింది.

బోర్డు పగలగొడదామని సమ్మెటతో వచ్చిన యేసుపాదం, లైనులో మొదటివాణ్ణి చూసి ఆగిపోయాడు. కుడివైపు ఖాళీ చొక్కా చెయ్యికి పిన్నీసు పెట్టుకుని ఉన్నాడు దాసు.

"నువ్వెందుకురా ఇక్కడ?"

"ఒంటిచేతివాడికి పనెవరిస్తారు బావా," అన్నాడు దాసు, చోటు పోకుండా గేటు ఊచ పట్టుకుని. "ఇదైతే కూర్చుని అరవటమేగా."