వాల్వు మీద ఇనుపదిమ్మ

"గోదావరిలో స్టీమ్ లాంచీ పేలింది. పదకొండుమంది పోయారు. ఫ్రెంచి యానాం ముఠా పనేనని మద్రాసు సర్కారు అనుమానం," అన్నాడు రాజమండ్రి పోలీసు సూపరింటెండెంటు దొర. "పుష్కరాల్లో ఇంకోటి పేలకూడదు. ఈ మిషన్ నీది, మిస్టర్ రాజు."

రహస్య ఏజెంటు పల్లంరాజు మీసం తీసేసి, ఒంటికి మసి పూసుకుని, ధవళేశ్వరంలో ఆ లాంచీ కంపెనీ షెడ్డులో ఫిట్టరుగా చేరాడు. అతని సుత్తి పిడిలో చిన్న పిస్తోలు దాగి ఉంది.

హెడ్ ఫిట్టరు ఆశీర్వాదం అతనికి పని నేర్పాడు. తన చద్దన్నంలో సగం పెట్టాడు.

"బాయిలరు చల్లార్చి లోపలి పెచ్చు గీకాలి తమ్ముడూ. లాంచీ ఆపితే యాత్రికులు చేజారిపోతారని మేనేజరుగారు ఒప్పుకోవడం లేదు."

"మరి ఆవిరి ఎక్కువైతేనండి?"

"సేఫ్టీ వాల్వు తెరుచుకుని ఆవిరి వదిలేస్తుంది. ప్రాణాలన్నీ దానిమీదే."

ఒక ఉదయం రేవులో పట్టుచీర కట్టిన అందగత్తె అతని పక్కన ఆగింది.

"పులస పడిందాండి?"

"ఎర్రనీరు రానివ్వండి," అన్నాడు పల్లంరాజు. కోడ్ కలిసింది. ఆమె సూర్యావతి. యానాం ముఠా మనిషే, మద్రాసుకూ వార్తలు చేరవేస్తుంది.

"బాంబు ఎక్కడ పెట్టారు?"

"బాంబెందుకండి? ఇంతకంటే జోరైన లాంచీ తెస్తున్నామని మావాళ్ళు మీ మేనేజరు చెవిన వేశారంతే. కంపెనీ మూతపడితే రేవు మాదవుతుంది. ఆయన హడావుడిలో మిగతాది మీవాళ్ళే చేసుకుంటున్నారు. ఆవిరి వృథా కాకూడదని వాల్వు మీద ఇనుపదిమ్మ కట్టించాడు. మొన్న పేలిందీ అలాగే." ఆమె రేవులో ఉన్న లాంచీని చూపించింది. "ఇవాళ దిమ్మ కట్టిన ఆ లాంచీలో మా అమ్మ ఉందండి. వద్దన్నా స్నానానికి బయల్దేరింది."

లాంచీ రేవు వదులుతోంది. పల్లంరాజు పరిగెత్తి దూకాడు.

ఇంజను గదిలో గేజీ ముల్లు ఎర్రగీత దాటింది. రివెట్లు సన్నగా కీచుమంటున్నాయి. ఆశీర్వాదం చెమటల్లో తడిసి నిలబడ్డాడు.

"ఎందుకు కట్టారండి?"

"కట్టకపోతే పనిలోంచి తీసేస్తానన్నారు. మా ఆవిడ రూతుకి నెలలు నిండాయి తమ్ముడూ."

పల్లంరాజు దిమ్మ మీద చెయ్యి వేయబోయాడు. ఆశీర్వాదం అతన్ని బయటికి నెట్టాడు.

"తప్పుకో. తాడు కోస్తే ఆవిరి మొహమ్మీదికే వస్తుంది."

లోపల గడియ పడింది. మరుక్షణం నది దద్దరిల్లేలా ఆవిరి కేక పెట్టింది. గేజీ ముల్లు దిగింది. బాయిలరు నిలిచింది. కొత్తరకం కూత అనుకుని పైన యాత్రికులు చప్పట్లు కొట్టారు.

తలుపు బద్దలుకొట్టి బయటికి తెచ్చేసరికి ఆశీర్వాదం ఒళ్ళంతా ఉడికిపోయింది. ఒడ్డు చేరేదాకా ఊపిరి ఉంది.

"నేనే కట్టానని రూతుకి చెప్పకు."

పల్లంరాజు చెప్పలేదు. "లాంచీ నిండా జనాన్ని కాపాడాడమ్మా," అన్నాడు.

"ఎవరినుంచండి?" అని అడిగింది రూతు.



రిపోర్టులో అతను రెండు పేర్లు రాశాడు. ఒకటి ముఠా నాయకుడిది. వాడు సరిహద్దు దాటగానే దొరికాడు. రెండోది మేనేజరుది. పుష్కర సేవలకు ఆయనకు రావుసాహెబు బిరుదు వచ్చింది. రాజమండ్రిలో సన్మానానికి మాత్రం ఆయన బాగా ఆలస్యంగా వచ్చాడు. తాను ఎక్కిన లాంచీని నెమ్మదిగా నడపమన్నాడట.