వెనక గదికి ఇంటర్నెట్

ఆ ఉదయం కూడా అమల అందరికంటే ముందే లేచింది. స్నానం చేసింది, జడ వేసుకుంది, పాలు స్టవ్ మీద పెట్టింది. పాలు పొంగి గట్టు మీదుగా కిందికి కారుతుంటే అలాగే చూస్తూ నిలబడింది.

అత్తగారు కౌసల్యమ్మ గబగబా వచ్చి స్టవ్ కట్టేసింది.

"ఏం కాలే బిడ్డా. నేను తుడుస్త గని, నువ్వు పొయ్యి కూసో."

అమల వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. భర్త మధు టిఫిన్ తిని, ఆ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, "వెళ్ళొస్తా" అని ఉప్పల్‌లోని ఆఫీసుకు బైకు మీద వెళ్ళిపోయాడు. ఎల్బీ నగర్‌లోని ఆ ఇంట్లో మూడు నెలలుగా రోజులిలాగే మొదలవుతున్నాయి. టీవీలో తెలంగాణ ఉద్యమం వార్తలు కూడా వినీ వినపడకుండానే వస్తాయి. గిన్నె కింద పడితే అందరూ ఉలిక్కిపడి, దాన్ని ఎత్తి పెట్టి, మళ్ళీ ఎవరి మూల వాళ్ళు చేరతారు.

జూలైలో, బంద్ రోజున, ఎనిమిది నెలలు నిండిన కడుపుతో, నొప్పులు మొదలై, అమల ఆసుపత్రికి వెళ్ళింది. ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. ఏడవలేదు, ఊపిరి తీసుకోలేదు. అమలకు మత్తు దిగేసరికి అంతా అయిపోయింది. ఇంటికి వచ్చాక ఆమెకు ఏడుపు రాలేదు. ఆకలి లేదు, కోపం లేదు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే, పట్టుకున్నట్టు తెలిసేది, అంతే.

వెనక గదిలో కిటికీ పక్కన ఆమె కంప్యూటర్ ఉంది. అమల డిగ్రీలో చేరినప్పుడు తండ్రి సాంబమూర్తి విడిభాగాలు కొని తెచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లోని తమ ఇంట్లో నేల మీద కూర్చుని బిగించి ఇచ్చిన కంప్యూటర్ అది. పెళ్ళయ్యాక వెంట తెచ్చుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఓ కోచింగ్ సెంటర్లో ఆమె లెక్కలు చెప్పేది. కడుపుతో ఉన్నప్పుడు ఇంటి నుంచే ప్రశ్నపత్రాలు తయారు చేసి పంపేది. సెంటర్ వాళ్ళు ఇప్పటికీ అడుగుతున్నారు, వీలైనన్నే పంపమని. కానీ హాల్లోంచి ఆ గదికి వచ్చే నెట్ వైరు తలుపు సందులో పడి నలిగి తెగిపోయింది. ఇదివరకు ఆ తలుపు ఎప్పుడూ వేసేవాళ్ళు కాదు. ఇప్పుడది రోజంతా వేసే ఉంటోంది. అమలను ఒక్కరు కూడా తలుపు తీసి పెట్టుకోమనలేదు.

పదిన్నర ప్రాంతంలో మామగారు సీతారాములు తలుపు మీద వేలితో మెల్లగా కొట్టాడు.

"అమలా, జర లోపటికి రావచ్చునా?"

ఆయన చేతిలో చిన్న అట్టపెట్టె ఉంది. సీతారాములు సర్కారు బడిలో సోషల్ మాస్టారు. సకల జనుల సమ్మె వల్ల నెల రోజులుగా బడి లేదు. తోటి టీచర్లు దీక్షా శిబిరానికి రమ్మని ఫోన్ చేస్తే, ఒంట్లో బాగాలేదని చెప్పి పెట్టేస్తున్నాడు. ఒకప్పుడు ముందు వరసలో ఉండే మనిషి. అమల అది గమనించింది కానీ ఎందుకని ఆలోచించలేదు. ఆమె ఈమధ్య దేని గురించీ ఎందుకని ఆలోచించడం లేదు.

"గీ ముక్కను కంప్యూటర్‌కు పెడితే వైరు అక్కర లేదంట బిడ్డా. మధు హాల్ల పెట్టిన డబ్బా లేదూ, దాని నుంచి గాలిలనే వస్తదంట. ఇగ నువ్వు తలుపేసుకున్నా ఏం ఫరక్ పడదు."

"ఇప్పుడెందుకు మామయ్యా?"

"ఉండనీ. పడి ఉంటది."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని పెట్టె మీద రాసిందంతా చదివాడు. బొటనవేలంత ఉన్న ఆ పరికరాన్ని గుచ్చాడు. సీడీ పెట్టాడు. తెర మీద ఏదో గీత వచ్చింది, పోయింది. తీసి మళ్ళీ పెట్టాడు. నుదుటికి చెమట పట్టింది. చాలాసేపయ్యాక వంటింటి వైపు తిరిగి, "కౌసల్యా, గిది విన్నవా? గీ కంప్యూటర్ పాతదైందంట, సీడీ పని చెయ్యదంట. కావల్సింది ఇంటర్నెట్‌లకెల్లి తెచ్చుకోమంటుంది. ఇంటర్నెట్ రావాల్నంటే ముందుగాల ఇంటర్నెట్ ఉండాల్నట!" అన్నాడు.

వంటింట్లో కౌసల్యమ్మ పకపకా నవ్వింది. వెంటనే తప్పు చేసినదానిలా నోరు మూసుకుంది.

"వద్దులెండి మామయ్యా," అంది అమల. "నాకు దాంతో అవసరం లేదు."

సీతారాములు లేచి హాల్లోకి వెళ్ళి ఫోన్ తీశాడు.

"బావగారూ, నేను సీతారాములును," అంటున్నాడు. "అంతా మంచిగనే ఉన్నరు. అమల కంప్యూటర్‌తోని చిన్న పని వడ్డది. దాన్ని బిగించింది మీరే గద."

అమల తలెత్తింది. ఆసుపత్రి నుంచి వచ్చాక వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం ఇదే మొదలు. నాన్న తనను చూడటానికి వచ్చినా గేటు దగ్గరే నిలబడి పళ్ళు ఇచ్చి వెళ్ళిపోయేవాడు. గుంటూరు నుంచి వచ్చిన మనిషికీ నల్లగొండ నుంచి వచ్చిన మనిషికీ రాష్ట్రం సంగతి దగ్గర తేడా వచ్చి ఉంటుందని ఆమె అనుకుంది. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఆ మాటే కదా.

సాంబమూర్తి షేర్ ఆటోలో వచ్చాడు. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థలో పని చేసి రిటైరైన మనిషి. గుమ్మం ముందు చెప్పులు విడిచి తటపటాయిస్తుంటే, కౌసల్యమ్మ మంచినీళ్ళ గ్లాసుతో ఎదురొచ్చింది.

"రాండన్నా, లోపటికి రాండి."

"బాగున్నావా చెల్లెమ్మా," అన్నాడాయన నేల చూపులతో.

ఇద్దరు పెద్దవాళ్ళూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. అమల మంచం చివర కూర్చుంది. పని మాటలు తప్ప వేరే మాట లేదు.

"గీడ పెట్టాల్నా?"

"ముందు వైపు వద్దండి, వెనక వైపు పెట్టండి. దీంట్లో విండోస్ పాతది. ముందు దాన్ని కొత్తగా చేస్తే కానీ ఈ ముక్కను గుర్తుపట్టదు. కావలసినవన్నీ మా ఇంట్లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను."

తెర మీద ఆకుపచ్చ గీత మెల్లమెల్లగా పెరగసాగింది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు. సగం దాటిందో లేదో ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది.

"కరెంటు తీసిండ్రు," అంది కౌసల్యమ్మ తలుపు దగ్గర నిలబడి.

సాంబమూర్తి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "తియ్యక ఏం చేస్తారు? అక్కడ బొగ్గు తవ్వకం ఆపేస్తే ఇక్కడ కరెంటు ఎలా వస్తుంది? ఇలా అందర్నీ ఇబ్బంది పెట్టి ఏం సాధిస్తారో!"

సీతారాములు నల్లబడ్డ తెర వైపే చూస్తూ అన్నాడు.

"అవును బావగారూ. తప్పు మాదే."

సాంబమూర్తి తడబడ్డాడు. "నేను కరెంటు సంగతి అంటున్నాను."

"నేను కరెంటు సంగతి అంటలేను."

కౌసల్యమ్మ "ఊకోండి" అంటూ అమల వైపు కళ్ళతో చూపించింది. ఆయన ఆగలేదు.

"ఆ దినం దవాఖానల మీరన్న మాట ఒక్క పూట కూడ నేను మర్వలే. 'మీ రాస్తారోకోనే నా మనవరాల్ని మింగింది' అన్నరు. నిజమే గద. రింగు రోడ్డు కాడ మైకు వట్టుకోని నిలబడ్డది నేనే. ఆటో ఆగింది నా వెనకనే. అండ్ల నా కోడలున్నదని నాకు తెల్వదు. మాట్లాడుతనే ఉన్న."

"నేను పిలిచిన," అంది కౌసల్యమ్మ. "ఆటోలకెల్లి తల బయట పెట్టి రెండుసార్లు పిలిచిన. మైకు సప్పుడుల ఈయనకు ఇనవడలే."

సాంబమూర్తి ముఖం ఎర్రబడింది. "మరి అనకుండా ఎలా ఉంటానండీ? కొంచెం ముందు తీసుకొస్తే బాగుండేదని అక్కడి నర్సు నాతో అంది. ఈ చెవులతో విన్నాను. నా కూతురి ముఖం చూడండి. మూడు నెలలైంది, ఒక్కసారైనా ఏడ్చిందా?"

"నేను చూస్తలేనా?" సీతారాములు గొంతు ఒక్కసారిగా లేచింది. ఆ ఇంట్లో అంత గట్టి మాట వినపడి చాలా రోజులైంది. "మీరు గేటు కాడికి వచ్చి పోతరు. నేను దినాం చూస్తున్న! పొద్దుగాల చూస్తున్న, మాపటికి చూస్తున్న. నేను చంపిన పొల్ల తల్లి నా చేతికి చాయ్ తెచ్చిస్తుంటే తాగుతున్న!"

"మామయ్యా!"

అమల లేచి నిలబడింది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఆటో ఆగితే ఏమైంది? ఎవరు చెప్పారు మీకు ఇదంతా?"

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

"కుట్లు విప్పించుకోడానికి వెళ్ళినప్పుడు పెద్ద డాక్టరమ్మ నాతో చెప్పింది. పేగు మెడకు చుట్టుకుందట. ముందు రోజే గుండె ఆగిపోయిందట. రోడ్డంతా ఖాళీగా ఉన్నా మేం చేసేదేమీ లేదు అంది."

"నేను బయటనే ఉంటిని గద బిడ్డా," అంది కౌసల్యమ్మ. "ఒక్క మాట చెప్పకపోతివి."

"ఎవరూ అడగలేదు అత్తయ్యా. మీకు ఆసుపత్రిలోనే చెప్పి ఉంటారనుకున్నాను. అందుకే ఎవరూ నాతో మాట్లాడటం లేదనుకున్నాను." అమల కంప్యూటర్ బల్ల అంచు పట్టుకుంది. "ముందు రోజంతా ఇక్కడే కూర్చుని ప్రశ్నపత్రం టైపు చేశాను. మధ్యాహ్నం నుంచీ కదలిక లేదు. నిద్రపోతోందిలే అనుకున్నాను. ఈ పేపరు పంపేసి చూద్దాం అనుకున్నాను. తల్లిని, నాకు తెలియలేదు. మీరంతా నన్నే తప్పు పడుతున్నారనీ, పైకి అనలేకపోతున్నారనీ…"

"అయ్యో తల్లీ," అన్నాడు సాంబమూర్తి.

సీతారాములు లేచి కోడలి దగ్గరికి వచ్చాడు. తల మీద చెయ్యి పెట్టబోయి, పెట్టవచ్చో లేదోనన్నట్టు గాల్లోనే ఆపాడు. అమల తల వంచింది. ఆ చెయ్యి ఆమె తల మీద ఆనింది.

"నీ తప్పు ఎట్లయితది బిడ్డా? కడుపుల ఉన్నదాని సంగతి ఎవరికి ఎరుక? మేము నిన్ను తప్పు పట్టుడా?" ఆయన కళ్ళజోడు తీసేసి ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. కన్నీళ్ళు ఆగలేదు. కుర్చీలో కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

సాంబమూర్తి ఆయన ముందుకు వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బావగారూ, నన్ను క్షమించండి. ఎవరినో ఒకరిని అనకపోతే ఊపిరాడేలా లేదు ఆ రోజు. మీరు ఎదురుగా కనిపించారు. అనేశాను. అన్న మాట వెనక్కి తీసుకోడానికి రోజూ గేటు దాకా వచ్చాను. లోపలికి రావడానికి ముఖం చెల్లలేదు."

"నాకు సుత మీ ముంగటికి వచ్చే ధైర్యం లేకుండె బావగారూ. గీ ముక్క పనిచెయ్యకపోవుడే మంచిగైంది. లేకుంటే ఫోన్ చేస్తుంటినా?"

మధ్యాహ్నం భోజనాలప్పటికి కరెంటు వచ్చింది. సాంబమూర్తి మళ్ళీ మొదటి నుంచి పని మొదలుపెట్టాడు. ఆకుపచ్చ గీత ఈసారి చివరిదాకా వెళ్ళింది. సీతారాములు హాల్లోకి పోయి, డబ్బా అడుగున అతికించి ఉన్న పాస్‌వర్డ్‌ను ఒక్కో అక్షరం గట్టిగా చదువుతున్నాడు. సాంబమూర్తి వెనక గదిలోంచి, "బి అన్నారా, డి అన్నారా?" అని అరుస్తున్నాడు.

వంటింట్లో కౌసల్యమ్మ అన్నం వారుస్తోంది. అమల వచ్చి ఆమె పక్కన, నేల మీద కూర్చుంది. నెమ్మదిగా అడిగింది.

"అత్తయ్యా, పాపను మీరు ఎత్తుకున్నారు కదా?"

కౌసల్యమ్మ గిన్నెను గట్టు మీద పెట్టింది. "ఎత్తుకున్న బిడ్డా."

"ఎలా ఉంది?"

కౌసల్యమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని కోడలి ఎదురుగా కూర్చుంది. ఈ మాట అమల అడుగుతుందేమోనని మూడు నెలలుగా భయపడింది. అడగదేమోనని అంతకంటే ఎక్కువ భయపడింది.

"తల నిండ వెంట్రుకలు. నల్లగ, ఒత్తుగ, అచ్చం నీ లెక్కనే. ముక్కు మాత్రం మీ మామది, గింత లావు ముక్కు." ఆమె నవ్వబోయి ఏడ్చింది. "వేళ్ళు పొడుగ్గ ఉండె. నా వేలు చుట్టూ పెట్టి చూసిన. తెల్ల తువ్వాలల చుట్టిన బిడ్డా, సల్లగుంటదేమోనని. గట్టిగనే చుట్టిన."

అమల వింటోంది. లోపల ఎక్కడో, ఆపరేషన్ గాయం కంటే లోతుగా, నొప్పి మొదలైంది. ఇన్నాళ్ళూ లేని నొప్పి. ఆమె అత్తగారి ఒడిలో ముఖం పెట్టుకుని బిగ్గరగా ఏడ్చింది. ఆ ఏడుపు ఇల్లంతా వినిపించింది. హాల్లో సీతారాములు చివరి అక్షరం చదివి అలాగే ఆగిపోయాడు. సాంబమూర్తి గది గుమ్మం దాకా వచ్చి, వంటింట్లోకి చూసి, గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. ఆయన వెనక తెర మీద నెట్ వచ్చిందన్న సంగతి అప్పుడు ఎవరూ చూడలేదు.

కౌసల్యమ్మ ఆమె జుట్టు నిమురుతూ కూర్చుంది. ఏడుపు కాస్త నెమ్మదించాక అమల ముఖం ఎత్తకుండానే అంది.

"ఇంకా చెప్పండి అత్తయ్యా."