జనరల్ గారు మర్యాదకి ఇచ్చేసిన పెట్టె

ముందే చెప్తున్నాను, తెహ్రాన్ నగరం మొత్తం గాలించినా ఫరామర్జ్ లాంటి గూఢచారి ఇంకొకడు దొరకడు. నాలుగు భాషలు మాట్లాడేవాడు, అయిదో భాషలో నోరు మూసుకునేవాడు. అతను నడిచొస్తుంటే పిల్లులు తమ నడక చూసుకుని సిగ్గుపడేవి. అన్నిటికీ మించి మనిషి మంచుగడ్డ. అసూయ, కడుపుమంట అనేవి అతని ఒంట్లో పుట్టనే లేదు. కాదనేవాళ్ళుంటే నా దగ్గరికి పంపండి.

ఆ శుక్రవారం పొద్దున అతను వేడి రొట్టెలో పనీరు, పుదీనా చుట్టుకుంటుండగా ఫోన్ మోగింది.

"సావే ఊరి దానిమ్మలు వచ్చాయా?" అంది అవతలి గొంతు.

"వచ్చాయి. రెండు చితికాయి," అన్నాడు ఫరామర్జ్.

"రెండు కాదు నాయనా, బుట్టంతా చితికింది. బయల్దేరు."

అతని పై అధికారి కల్నల్ అఫ్రాసియాబి ఆఫీసు బయటికి తివాచీల కొట్టు. మూడు తివాచీలు పక్కకి తొలగిస్తే తలుపు, తలుపు వెనక కల్నల్, కల్నల్ ముందు టీ.

"కూర్చో. ముందు టీ తాగు, తర్వాత ఏడుద్దువుగాని," అన్నాడాయన.

అవి మా దేశానికి చమురు డబ్బు పొంగిపొర్లిన రోజులు. ఇవాళ విమానాలు, రేపు ట్యాంకులు, ఎల్లుండి ఓడలు. అన్నీ పరాయి దేశం సరుకే. దించడానికి రేవులో చోటు చాలక, విప్పడానికి మనిషి లేక ఎడారి ఎండలో పెట్టెలు పెట్టెలుగానే పడుండేవి. మీట నొక్కడం మనవాళ్ళకి నేర్పారు. మీట వెనక ఏముందో మాత్రం అమ్మినవాళ్ళు తమ దగ్గరే ఉంచుకున్నారు. పైగా సైన్యం, నౌకాదళం, వైమానికదళం మూడూ ఒక ఇంట్లో సవతుల్లా ఉండేవి. ఒకరికి ఓడ వస్తే ఇంకొకరికి నిద్ర పట్టేది కాదు.

"నిన్న వైమానికదళం జనరల్ సద్రినియా ఇంట్లో విందు," అన్నాడు కల్నల్. "నౌకాదళం అడ్మిరల్ కొత్త ఓడ ఫోటోలు జేబులో పెట్టుకొచ్చి, వడ్డించే కుర్రాడితో సహా అందరికీ చూపించాడట. మన జనరల్‌కి కడుపు భగ్గుమంది. లోపలికెళ్ళి అది పట్టుకొచ్చాడు."

"ఏది?"

"గుర్తింపు పెట్టె. సిగరెట్ పెట్టెంత ఉంటుంది. ఎదురొచ్చే విమానం మనదా, శత్రువుదా అని తేల్చేది అదే. అది పొరుగువాడి చేతిలో పడిందో, వాడి విమానం బాంబులేసుకుని మన నెత్తి మీదికొచ్చినా మన రాడార్ కాళ్ళు కడిగి లోపలికి పిలుస్తుంది."

"దొంగిలించారా?"

"దొంగిలిస్తే బాగుండును. విందులో ఒకావిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని, 'ఎంత ముద్దుగా ఉందో' అంది. మనవాడు గుండె మీద చెయ్యి వేసుకుని, 'పీష్‌కష్, మీదే' అన్నాడు."

ఫరామర్జ్ కళ్ళు మూసుకున్నాడు. మా దగ్గర అతిథి ఏది మెచ్చుకున్నా ఇంటాయన నోట వచ్చే మాటే అది. గడియారం మెచ్చుకున్నా, గుర్రం మెచ్చుకున్నా మీదే అంటాడు. అయ్యో, మీ దగ్గరుంటేనే దానికి అందం అని అతిథి వద్దంటాడు. ఆయన మళ్ళీ ఇస్తాడు, ఈయన మళ్ళీ వద్దంటాడు. వస్తువు ఉన్నచోటే ఉంటుంది, మర్యాద మాత్రం గదంతా తిరిగొస్తుంది.

"ఆవిడ వద్దనలేదా?"

"చాలా సంతోషం అని సంచిలో వేసుకుంది. అంతమంది ముందు ఆయన తిరిగి అడగగలడా?"

"ఎవరండీ ఆ మహాతల్లి?"

"మహ్‌రుఖ్."

ఫరామర్జ్ చక్కెర ముక్క టీలో వెయ్యబోయి సాసర్‌లో వేశాడు.

అసూయ గురించి మొదట్లో నేనేదో అన్నాను, అది కొట్టేయండి. మహ్‌రుఖ్ ఆయుధాల దళారుల దగ్గర దుబాసీ. దళారుల గుట్లు తెచ్చి చెప్పడానికి ఆమెని కుదిర్చింది ఫరామర్జే. ఆమె ఎవరు ఎదురుపడినా ఏదో ఒకటి మెచ్చుకునేది. మంత్రిగారి గులాబీ తోట, బ్యాంకు మేనేజరు టై, ఆఖరికి ట్రాఫిక్ పోలీసు ఈల కూడా. ఫరామర్జ్ దగ్గర మెచ్చుకోదగ్గది ఒక్కటీ ఆమెకి కనిపించలేదు. అతను కొత్త బూట్లు వేసుకెళ్తే, వర్షం వస్తుందా అని అడిగింది. ఇస్ఫహాన్ వెళ్ళినప్పుడల్లా గజ్ మిఠాయి తెచ్చిచ్చేవాడు. పళ్ళకి అంటుకుంటుంది, నాకు గిట్టదు అని అతని కళ్ళముందే డ్రైవరుకి ఇచ్చేసేది. ఆ డ్రైవరంటే కూడా అతనికి మంటే.

"విందుకి వెళ్తున్నట్టు నాకు చెప్పలేదే," అన్నాడు.

"నీకు చెప్పనివి చాలా ఉన్నాయిలే. మనకి దళారుల సంగతులు, పొరుగువాడికి గుట్లు అమ్మే బేరూత్ ముఠాకి మన సంగతులు. రెండు చేతులా సంపాదిస్తోంది."

"విందులో జనరల్ పక్కనే కూర్చుందా?"

"ఫరామర్జ్."

"ఊరికే అడిగాను, జనాబ్."

"ఇవాళ మధ్యాహ్నం బేరూత్ విమానం ఎక్కుతోంది. మన ఖర్మకొద్దీ ఆ పెట్టెలు అమ్మిన కంపెనీ మనిషి కూడా అందులోనే. కాబట్టి అరెస్టు వద్దు, సోదా వద్దు, గొంతు పెంచొద్దు. పెట్టె మన చెయ్యి జారిందని వాడి చెవిన పడితే విడిభాగాలు ఆపేస్తారు. అవి ఆగితే మన విమానాల్లో కోళ్ళు పెంచుకోవాలి."

"కోడ్ మార్చేస్తే సరి కదా?"

"మార్చేదీ వాళ్ళే. నీ లైటర్ కెమెరా ఉందా?"

"ఉంది. పనిచెయ్యదు."

"బాగు చేయించలేదా?"

"అమ్మినవాడు రావాలట."

కల్నల్ సొరుగు లాగి వెతికాడు. "సరే. మీసం ఒకటి పెట్టుకెళ్ళు," అన్నాడు.

మెహ్రాబాద్ విమానాశ్రయం హాల్లో మహ్‌రుఖ్ మహారాణిలా కూర్చుని ఉంది. భుజాన నక్క బొచ్చు కోటు, మోచేతికి ఆకుపచ్చ మొసలితోలు సంచి, ఒళ్ళో చెక్క పెట్టె. పక్కన జనరల్ గారి భార్య తూరాన్ ఖానుం, అంటే తూరాన్ అమ్మగారు. ఆవిడ సాగనంపడానికి రాలేదు, ఈ మనిషి నిజంగా పోతోందో లేదో కళ్ళారా చూసుకోవడానికి వచ్చింది. ఎదుటి కుర్చీలో కంపెనీ మనిషి పేపరు చదువుకుంటున్నాడు.

ఫరామర్జ్ వేసుకున్న పథకం ఇది. సంచిని మెచ్చుకోవాలి. మహ్‌రుఖ్ ఎవరికి పనిచేసినా పుట్టింది మర్యాదలకి పేరుపడ్డ షీరాజ్‌లో. తూరాన్ ఖానుం ముందు ఆ నోటి నుంచి పీష్‌కష్ అన్న మాట రాక తప్పదు. అప్పుడు మా దేశంలో మగపుట్టుక పుట్టినవాడెవడూ చెయ్యని పని అతను చెయ్యాలి. మొదటి మాటకే తీసేసుకోవాలి. ఇది ఒక్కసారే. ఇంకో వస్తువు మీద మళ్ళీ చేస్తే పిచ్చాసుపత్రికి కబురు పెడతారు.

దగ్గరికెళ్ళి వంగి సలాం చేశాడు. మహ్‌రుఖ్ తలెత్తి, ఒక్క చూపులో అతన్ని పోల్చేసి నవ్వింది.

"మీసం బాగుంది, ఆఘా," అంది.

ఎన్నాళ్ళకి మెచ్చుకుంది. అదీ అతనిది కానిదాన్ని. "పీష్‌కష్, ఖానుం," అన్నాడు ఫరామర్జ్, అలవాటు కొద్దీ.

"మీ ముఖానికే అందం లెండి. నేనేం చేసుకోను?"

ఇక సంచి సంగతి ఎత్తుదామని నోరు తెరిచాడు. అప్పుడే చూపు ఆమె ఒళ్ళోకి దిగింది. ఆ చెక్క పెట్టె మీద ఇస్ఫహాన్ దుకాణం ముద్ర ఉంది. గజ్. దాన్ని ఆమె పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని ఉంది.

నేనిచ్చిన గజ్ పళ్ళకి అంటుకుంటుంది. మరి ఎవడిచ్చిన గజ్ ఇలా గుండెకి అంటుకుంది, అనుకున్నాడు ఫరామర్జ్.

దేశం, జనరల్, రాడార్ అన్నీ అతని బుర్రలోంచి జారిపోయాయి. "గజ్ బాగున్నట్టుందే," అంది అతని నోరు. అన్నాక తెలిసింది, ఉన్న ఒక్క అవకాశమూ మిఠాయి మీద తగలేశాడని.

మహ్‌రుఖ్ వేళ్ళు బిగుసుకున్నాయి. కానీ నాలుక వేళ్ళ మాట వినలేదు. "పీష్‌కష్, మీకు తగింది కాదు గానీ," అనేసింది.

"చాలా సంతోషం," అని ఫరామర్జ్ పెట్టె పట్టుకున్నాడు.

హాల్లో మాటలు ఆగిపోయాయి. కంపెనీ మనిషి సైతం పేపరు దించాడు. మా మధ్య చాలా కాలం ఉన్నవాడు, ఎంత ఘోరం జరిగిందో అతనికీ అర్థమైంది.

"ఆఘా తమాషా చేస్తున్నారు," అంది మహ్‌రుఖ్, రెండో కొస వదలకుండా. "మా అక్క పిల్లల కోసం తీసుకెళ్తున్నాను."

"ఇచ్చిన చేత్తోనే లాక్కుంటావేమిటమ్మా?" అంది తూరాన్ ఖానుం, చల్లగా. "నిన్న మా ఆయన నీకేదో ఇచ్చాడు. నేను అడిగానా?"

మైకులో బేరూత్ ప్రయాణికులకి ఆఖరి పిలుపు వినిపించింది. మహ్‌రుఖ్ ముందుకి వంగి అతని చెవిలో, "ఫరామర్జ్, నీకు పుణ్యముంటుంది, వదులు," అంది. ఆమె అతన్ని బతిమాలడం అదే మొదటిసారి. అతని వేళ్ళు సడలాయి. నిజం చెప్పాలంటే వదిలేసేవాడే.

"ఎవరిచ్చారో చెప్పు, వదిలేస్తాను," అన్నాడు.

ఊళ్ళో ఏ మగవాడి పేరు చెప్పినా సరిపోయేది. ఆ తొందరలో ఆమె, "ఎవరూ ఇవ్వలేదు, నేనే కొనుక్కున్నాను," అంది.

"నీకు గజ్ గిట్టదు కదా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అంతసేపూ అసూయతో కూర్చున్న మనిషిలో గూఢచారి అప్పుడు లేచాడు. ఆమె మెల్లగా వేళ్ళు తీసేసింది. తూరాన్ ఖానుం ఆమె మోచెయ్యి పట్టుకుని, "పదమ్మా, విమానం నీకోసం ఆగదు," అని గేటు దాకా నడిపించింది. విమానం మెట్ల మీద మహ్‌రుఖ్ ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి, అద్దం వెనక నిలబడ్డ ఫరామర్జ్ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు.

కారులో పెట్టె విప్పాడు. పైన పిండి, పిండిలో పిస్తా గజ్ ముక్కలు, వాటి కింద గుర్తింపు పెట్టె.

"ఎలా కనిపెట్టావయ్యా?" అన్నాడు కల్నల్, పిండి దులుపుతూ.

"పరిశీలన, జనాబ్," అన్నాడు ఫరామర్జ్.

పతకం వచ్చింది. పెట్టె విమానంలోకి వెళ్ళింది. జనరల్ గారికి ఇంకో రెండు స్క్వాడ్రన్లు కొనిచ్చారు, అడ్మిరల్ వారం రోజులు అన్నం మానేశాడు. కానీ గజ్ సంగతి ఊరంతా పాకింది. ఆ తర్వాత తెహ్రాన్‌లో ఫరామర్జ్‌కి ఎవరూ ఏదీ మర్యాదకి కూడా ఇవ్వలేదు. ఎవరి ఇంటికి వెళ్ళినా పిల్లలు తమ బొమ్మలు దాచుకునేవారు.

ఇక నేను కల్పించింది ఏదైనా ఉందా అంటే, ఒక్కటుంది. విమానం మెట్ల మీద మహ్‌రుఖ్ వెనక్కి తిరిగి చూడలేదు. తల వంచుకుని సరాసరి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపు నేను ఫరామర్జ్ కోసం కలిపాను. కథలు సగంలో వదిలేసే మనిషి, ఇక్కడిదాకా చదవడనే నా ధైర్యం.