రెండున్నర ఎమ్మెం డ్రైవరు

"ఇట్లాంటిదేనా మేడం మీరూ అమ్మే సామాను?"

కౌంటరు మీద టక్కున పడిన ఎలన్ కీని, ఆరు మూలల గుంత స్క్రూలు తిప్పే వంకర కడ్డీని, చూసింది స్తుతి. తర్వాత దాన్ని పడేసిన మనిషిని చూసింది. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, మోచేతుల దాకా ఎర్రమట్టి. ముఖంలో కోపం కన్నా ఏడుపే ఎక్కువగా ఉంది.

"ఇది మా అంగట్లోది కాదు," అంది కీని తిప్పి చూసి. "బొమ్మకారు డబ్బాలో ఊరికే వస్తాది ఇది."

"బొమ్మకారు కాదు మేడం! ఆర్సీ కారు. రిమోట్‌తో నడిచేది."

"ఎవరికి?"

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. "మా అక్క కొడుక్కి."

"ఎన్నేండ్లు?"

"ఎనిమిది... నెలలు."

నవ్వాపుకోవడానికి స్తుతి పక్కనున్న బోల్టుల డబ్బా వైపు తిరగాల్సి వచ్చింది. తిరిగినా లాభం లేకపోయింది. భుజాలు కదిలిపోతూనే ఉన్నాయి.

"నవ్వండి, నవ్వండి," అన్నాడతను. "ముప్పై ఏండ్లోడు కార్లతో ఆడుకుంటాడంటే అందరూ ఇట్లనే నవ్వుతారు. అందుకే అక్క కొడుకని చెప్తాండా."

కర్నూలు వన్ టౌన్‌లో, కొండారెడ్డి బురుజుకు రెండు వీధుల అవతల ఉంది ఆ పనిముట్ల అంగడి. ప్రకాశం మోకాళ్ల నొప్పులతో కుర్చీకి పరిమితమయ్యాక, మెకానికల్ డిప్లొమా చేసిన కూతురు స్తుతే నడుపుతోంది. ఆమెకో పట్టుదల ఉంది. ఏ పనిముట్టయినా గిరాకీ చేతికిచ్చే ముందు దాని మొన మీద ఆకురాయి పెట్టి గీస్తుంది. గట్టి ఉక్కయితే ఆకురాయి జారిపోతుంది. మెత్తదైతే గీత పడుతుంది. గీత పడిందా, ఆ వస్తువు మళ్లీ సప్లయరు సంచిలోకే.

"కారు తెచ్చినారా?" అడిగింది.

బండి సీటు కింద నుంచి పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చాడు. నాలుగు లావాటి చక్రాలు, పైన నీలం రంగు డొప్ప. వెనక చక్రం దగ్గర ఒక స్క్రూ తల నిండా మట్టి పట్టి ఉంది.

స్తుతి గుండుసూదితో ఆ మట్టంతా తవ్వి తీసింది. "గుంతలో మన్నుంటే కీ లోపలికి ఎట్ల దిగుతాది? పైపైన తిప్పినారు, కీ మూలలు అరిగిపోయినాయి. పైగా ఈ స్క్రూకు జిగురేసినారు కంపెనీవాళ్లు. వేడి తగిలితే మెత్తబడతాది."

సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద కాసేపు ఆనించింది. తర్వాత గాజు బీరువాలోంచి ఆరు మూలల మొన ఉన్న రెండు ఎమ్మెం హెక్స్ డ్రైవరు తీసి, ఆకురాయితో గీసి చూసి, అతని చేతిలో పెట్టింది.

"నిటారుగా పట్టుకోండి. ముందు గట్టిగా నొక్కాల, ఆ తర్వాతే తిప్పాల."

కిర్రుమంది. స్క్రూ కదిలింది.

"అబ్బా!" అన్నాడతను, తన పన్నే పీకినట్టు.

"ఇంగ వినండి," అంది స్తుతి. "పిడి అందం చూసి మోసపోవద్దు, మొన చూడాల. అంగుళాల సైజుది దీంట్లో పెట్టొద్దు, పట్టినట్టే ఉంటాది గానీ వదులు. గుండ్రం మొనది బిగుతు స్క్రూలకు పనికిరాదు. ముఖ్యంగా, దీంతో దేన్నీ పెకలించొద్దు. ఇది గడ్డపార కాదు."

అతను ప్రసంగం వింటున్నవాడిలా తల ఊపాడు. పేరు ఏసుకుమార్ అనీ, ఊరు ఆత్మకూరనీ, కర్నూలులోనే ఎముకల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాననీ అడక్కుండానే చెప్పాడు. డ్రైవరు తీసుకొని వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. "ఒకటిన్నర ఎమ్మెం ఉందా?"

ఆ మరుసటి వారం, "మూడు ఎమ్మెం?"

"నాలుగూ కలిపి సెట్టే ఉండాది కదా," అంది స్తుతి. "ఒక్కొక్కటే ఎందుకు?"

"సెట్టు బరువు మేడం."

"ఎంత బరువు? అరకిలో కూడా లేదు."

"నేను సన్నగా ఉంటా కదా!"

కుర్చీలో పేపరు చదువుతున్న ప్రకాశం దగ్గాడు. ఆ దగ్గులో నవ్వు వినిపించింది స్తుతికి. చెవులు వేడెక్కాయి.

నాలుగో వారం ఏసుకుమార్ రెండు పాయింట్ రెండు ఎమ్మెం అడిగాడు.

"అట్లాంటి సైజు మీ కారులో యాడా ఉండదు."

"తెప్పించండి. వచ్చేదాకా వారం వారం వచ్చి కనుక్కొని పోతా."

ఐదో వారం వాన. కర్నూలులో వాన పడితే మనుషులు గొడుగు తెరవడం మరచి ఆకాశం కేసి చూస్తుంటారు. ఏసుకుమార్ పరుగెత్తుకుంటూ అంగట్లోకి వచ్చి, తల విదిలించాడు. చినుకులు బిల్లుబుక్కు మీదా, స్తుతి చెంప మీదా పడ్డాయి.

"సారీ, సారీ! రెండున్నర ఎమ్మెం ఇస్తారా? శనివారం కడపలో రేసుండాది. మొదటిసారి పోతాండా."

అతని కనురెప్పల మీద ఒక నీటిబొట్టు ఆగి ఉంది. పడుతుందా పడదా అని చూస్తూ స్తుతి డబ్బాలోంచి డ్రైవరు తీసి ఇచ్చేసింది.

"నమ్మొచ్చా?" అన్నాడు నవ్వుతూ.

"నా మాట. విరగదు," అంది.

శనివారం పోయింది. ఏసుకుమార్ రాలేదు. రెండో వారమూ రాలేదు, మూడో వారమూ రాలేదు. అంగడి ముందు బండి ఆగిన ప్రతిసారీ స్తుతి తల ఎత్తడం, దించుకోవడం. ప్రకాశం పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

చివరికి ఏసుకుమార్ స్నేహితుడు చంద్ర బేరింగులకని వచ్చాడు. అతనూ ఆర్సీ కార్ల పిచ్చోడే.

"మీ ఫ్రెండు కనపడ్డంలేదే?" అంది స్తుతి, ఏమీ పట్టనట్టు.

చంద్ర నసిగాడు. "నీకు చెప్పొద్దన్నాడక్కా. కడపలో సగం రేసులో చక్రం ఊగులాడింది. బిగించబోతే నువ్విచ్చిన డ్రైవరు మొన పుటుక్కున విరిగింది. అంతటితో రేసు అయిపోయింది. పాపం, నెలంతా ప్రాక్టీసు చేసినాడు."

చంద్ర వెళ్లిపోయాక స్తుతి రెండున్నర ఎమ్మెం డ్రైవర్ల డబ్బా దించింది. ఒక డ్రైవరు తీసి ఆకురాయితో గీసింది. గీత పడింది. ఇంకోటి తీసింది. గీత. డబ్బాలోవన్నీ మెత్తవే. ఆ వానరోజు తాను ఆకురాయి ముట్టుకోనే లేదని అప్పుడు తెలిసొచ్చింది. చూడాల్సింది మొనను, చూసింది నీటిబొట్టును.

"నాయనా," అంది. "చూడకుండా ఇచ్చినా. మాట కూడా ఇచ్చినా."

ప్రకాశం కూతురి ముఖం చూశాడు. "అయితే ఫోన్లో చెప్పేది కాదు పాపా. పోయి చెప్పిరా. అంగడి నేను చూసుకుంటా."

ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద ఎనిమిదిమంది ఉన్నారు. స్తుతి కూడా కూర్చుంది, ఒళ్లో ఒక పొట్లంతో. పక్కన చేతికి గుడ్డ చుట్టుకున్న ముసలామె, భీమక్క అట ఆమె పేరు, "నీకేం ఇరిగిందమ్మా?" అని ఆరా తీసింది. స్తుతి ఒళ్లోని పొట్లం చూపించింది.

"తర్వాత ఎవరు?" అంటూ తలుపు తీసిన ఏసుకుమార్ అలాగే నిలబడిపోయాడు. "మీరా! ఏమైంది? యాడ దెబ్బ తగిలింది?"

"దెబ్బ కాదు." స్తుతి లేచి పొట్లం చేతిలో పెట్టింది. "ఇది గట్టిది, నాలుగుసార్లు గీసి చూసినా. ఆరోజు మీకిచ్చింది మెత్తది. చూడకుండా ఇచ్చినా. మీ రేసు నా వల్లనే పోయింది."

ఏసుకుమార్ ముఖం ఎర్రబడింది. "అయ్యో, మీ తప్పు కాదు! చక్రం ఇరుక్కుంటే తొందర్లో డ్రైవరు దూర్చి పెకలించినా. గడ్డపార కాదని మీరు చెప్పినా వినలేదు. ఏ ముఖం పెట్టుకొని మీ అంగటికి వచ్చేది? అందుకే రాలేదు."

"గట్టిదయితే పెకలించినా ఆగేదేమో. తప్పు నాదే."

"కాదు, నాదే."

"నాది అని చెప్తాంటే!"

"ఎట్ల మీదయితాది? విరగ్గొట్టింది నేను!"

"ఏమప్పా," అంది భీమక్క చెయ్యి పైకెత్తి, "మీ పంచాయితీ తెగినంక నా చెయ్యి చూస్తావా, నేను రేపు రావాల్నా?"

బెంచీ మొత్తం నవ్వింది. మూడు వారాల తర్వాత స్తుతి కూడా నవ్వింది.

ఏసుకుమార్ భీమక్కను లోపలికి నడిపిస్తూ వెనక్కి తిరిగాడు. "వచ్చే నెల మళ్లీ రేసుండాది. వస్తారా? మీ నాయనను కూడా పిలుచుకొని రండి."

కడపలో ఊరి చివర ఖాళీ జాగాలో మట్టి దిబ్బలు పోసి, పాత టైర్లు అడ్డంపెట్టి ట్రాకు చేశారు. ప్రకాశం కుర్చీ వేయించుకొని రెండు మోకాళ్లూ ఎండకు చాచాడు. ఆయన పక్కన ఏసుకుమార్ తల్లి విశ్వాసమ్మ. చెల్లెలింటికని కడప వచ్చి, కొడుకు ఆటేందో చూద్దామని ట్రాకు దగ్గరికి వచ్చిందామె. స్తుతి టూల్స్ డబ్బాతో కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"టెన్షన్‌గా ఉందా?" అంది ముందు చక్రం బిగిస్తూ.

"రేసుకు కాదు," అన్నాడు ఏసుకుమార్.

కార్లు మట్టి లేపుకుంటూ దూసుకుపోయాయి. మొదటి చుట్టులో ఏడోవాడు, రెండో చుట్టులో నాలుగోవాడు. మూడో చుట్టులో నీలం కారు దిబ్బ మీంచి గాల్లోకి లేచి సరిగ్గా నాలుగు చక్రాల మీద దిగింది. విశ్వాసమ్మ చప్పట్లు కొట్టింది. రెండో స్థానం!

ఉన్నట్టుండి ఆకాశం మూసుకొచ్చింది. పెద్దపెద్ద చినుకులు టపటపా మొదలయ్యాయి. ఎవరి కారును వాళ్లు ఆపి, ఎత్తుకొని టార్పాలిన్ కిందికి పరుగు. స్తుతి మాత్రం ట్రాకు పక్కనే మట్టిలో చెల్లాచెదురైన డ్రైవర్లను ఏరుతోంది.

ఆమె తల మీద వాన ఆగింది. తలెత్తితే గొడుగు. గొడుగు కింద ఏసుకుమార్.

"కారు యాడ?" అంది.

"ట్రాకు మీద."

"తడుస్తాంది! రిసీవర్లోకి నీళ్లు పోతాయి!"

"పోనీ." అతను ఊపిరి పీల్చుకున్నాడు. "స్తుతీ, నేను డ్రైవర్ల కోసం రాలేదు మీ అంగటికి. మొదటి రోజు తప్ప. నువ్వంటే నాకు శానా ఇష్టం. మనం పెండ్లి చేసుకుందామా?"

చుట్టూ వాన హోరు. ఆమె చేతిలో నాలుగు డ్రైవర్లు, నాలుగింటి మీదా మట్టి.

"డ్రైవర్ల కోసం కాదని రెండో వారమే తెలుసు నాకు," అంది.

"మరి చెప్పలేదే?"

"చెప్తే సిగ్గుపడి రావడం మానేస్తావని."

టార్పాలిన్ కింద విశ్వాసమ్మ ప్రకాశం వైపు తిరిగింది. "చూసినావా అన్నా? ఆ కారును నన్ను కూడా ముట్టనియ్యడు వీడు. ఇప్పుడు దాన్ని వానకొదిలేసి మీ పాపకు గొడుగు పట్టినాడు."

"నాకు కనపడబట్టి రెండు నెలలయింది చెల్లెమ్మా," అన్నాడు ప్రకాశం. "వాళ్లకే కనపడ్డంలేదు."

విశ్వాసమ్మ కొంగు నెత్తిన కప్పుకొని వానలోకి నడిచింది. గొడుగు ముందు ఆగి స్తుతిని ఆపాదమస్తకం చూసింది. మట్టి కొట్టుకున్న చుడీదారు, తడిసిన జడ.

"మావాడు అడిగినాడా, లేకపోతే నన్నే అడగమంటావా?"

స్తుతి ఏసుకుమార్‌ను చూసింది. అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, గొడుగు పూర్తిగా ఆమె మీదికే వంచి, తాను నిలువునా తడుస్తూ.

"అడిగినాడు," అంది. గొంతులో సిగ్గూ నవ్వూ కలిసిపోయాయి. "అడిగినాడు, అత్తా."

ఆ ఒక్క పిలుపుతో విశ్వాసమ్మ ముఖం విప్పారింది. టార్పాలిన్ కింద ఎవరో ఈల వేశారు. ఏసుకుమార్‌కు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక అతని చేతిలోంచి గొడుగు జారి గాలికి పోయింది. ముగ్గురూ తడుస్తూ, నవ్వుతూ, మొదట గొడుగు వెంటా, తర్వాత కారు వెంటా పరుగెత్తారు.