తోకలో బెల్లం

ఆత్మారాం విమానం దించబోతుంటే రన్‌వే మధ్యలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో తెగిన తాడు. పక్కకు తప్పుకునే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

అతను మళ్ళీ పైకి లేచి ఊరి మీదుగా ఒక చుట్టు తిరిగి వచ్చాడు. ఆమె అక్కడే ఉంది. మెకానిక్ చిన్నయ్య పరుగెత్తుకెళ్ళి బతిమాలితే అప్పుడు జరిగింది.

రన్‌వే అన్నది కంపెనీ మాట. ఎడపల్లి దాటి బోధన్ వైపు వెళ్తే వచ్చే రాజమల్లు బీడు అది. ఆ ఏడు చెరుకు ఆకుల్లో రసం పీల్చే పురుగు పడింది. ఆకులు నల్లబడ్డాయి. మనుషులు చల్లితే తీరే పని కాదని మందు చల్లే కంపెనీని పిలిపించారు. కంపెనీ ఒక విమానాన్ని, ఒక పైలట్‌ను, ఒక మెకానిక్‌ను పంపింది.

"నీకు కండ్లు కనబడయా?" అన్నాడు ఆత్మారాం కిందికి దిగుతూనే.

"నాకు మంచిగనే కనబడతయ్. మీదికెల్లి తిరిగేటోల్లకే కింద ఏమున్నదో కనబడది. మా ఎడ్లు బెదిరి బండిని కాలువల పడేసినయ్. గడ్డి మొత్తం నీళ్ళ పాలైంది."

"విమానం వస్తదని ఊర్ల చాటింపు ఏయించినం."

"ఎడ్లకు చాటింపు సమజైతదా సారూ?"

చిన్నయ్య నవ్వబోయి, పైలట్ ముఖం చూసి మానుకున్నాడు.

"అసలు నువ్వెవరు?"

"నువ్వు నిలబడ్డ జాగ మా బాపుది. నా పేరు గోదావరి."

రాజమల్లు బీడు ఇవ్వడమే కాకుండా వచ్చిన ఇద్దరికీ తన ఇంటి నుంచి భోజనం పంపుతానని ఒప్పుకున్నాడు. తెచ్చేది గోదావరి. కాబట్టి మధ్యాహ్నం పూట తగాదా కూడా భోజనంతో పాటే వచ్చేది.

"కూరల ఉప్పెక్కువైంది," అనేవాడు ఆత్మారాం.

"మీదికి పోయినంక తగ్గుతది, తిను."

ఒకరోజు వాన పట్టుకుంటే ముగ్గురూ రెక్క కింద నిలబడ్డారు. గోదావరి అద్దంలోంచి లోపలికి తొంగి చూసింది. ఎక్కుతావా అని అడిగాడు అతను.

"ఒక్కటే సీటున్నది."

"తెలుసు."

ఆమె అంత వానలోనూ రెక్క కింది నుంచి బయటికి నడిచి వెళ్ళిపోయింది. మరునాడు కూరలో ఉప్పే లేదు.

ఆత్మారాంది నిజామాబాద్. హైదరాబాద్‌లో విమానం నడపడం నేర్చుకున్నాడు. అతనికి ఒక అలవాటు ఉంది. రోజూ ఎక్కే ముందు ముక్కు దగ్గర మొదలుపెట్టి విమానం చుట్టూ తిరిగేవాడు. చెయ్యి రేకు మీద నుంచి తీసేవాడు కాదు. తోక దగ్గర ఒక మూత ఉంది. అది తెరిచి లోపలి తీగలు చూసి, మళ్ళీ మూసి, అప్పుడు ఎక్కేవాడు. భోజనం గిన్నెలు తీసుకెళ్ళడానికి పొద్దున్నే వచ్చే గోదావరి ఇదంతా గట్టు మీద కూర్చుని చూసేది. ఆమె చూస్తోందని అతనికి తెలుసు. అందుకే ఆ మధ్య ఇంకొంచెం నిదానంగా తిరుగుతున్నాడు.

దసరా నాడు పొద్దున అతను వచ్చేసరికి విమానం ముక్కుకు పసుపు, కుంకుమ ఉన్నాయి. ప్రొపెల్లర్‌కు బంతిపూల దండ ఉంది. అతను చుట్టు తిరగడం మొదలుపెట్టి, ముందు దండ తెంపాడు.

"పండుగ పూట దండ తెంపుతవా?" గట్టు మీద నుంచి లేచి వచ్చింది గోదావరి.

"ఇది తిరిగేటిది. దండ పోయి ఇంజన్ల పడతది."

"పండుగ నాడు గూడ ఎగురుడేనా? దసరా నాడు పాలపిట్టను చూడాలె. నీ మోతకు నెల సంది ఈ దిక్కు ఒక్క పిట్ట రాలే. మా ముసలవ్వ పొద్దుగాల సంది చెట్లు చూసుకుంట కూసున్నది."

"పురుగుకు దసరా లేదు."

"నీకున్నదా? ఇంటి మనిషివైతే నీకు పండుగుంటుండె."

అతను అప్పటికి ఎడమ రెక్క దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు.

"నేను ఇంటి మనిషిని కానని నాకెరుకనే. పని మీద వచ్చిన. పురుగు పోతే నేను గూడ పోత."

"ఒక్క మాట ఇను," అంది ఆమె.

అతను వినలేదు. రెక్క పక్కన మెట్టు మీద కాలు పెట్టి ఎక్కి అద్దం మూసుకున్నాడు.

విమానం మామూలుగానే లేచింది. మందు ట్యాంకు సీటుకు ముందు ఉంటుంది. నిండా మందు ఉంది. వరస చూపడానికి చెరుకు చివర జెండా పట్టుకున్న మనిషి వైపుగా మొదటి వరస చల్లాడు. రెండోది చల్లాడు. ఆ తర్వాతి వరసలో ముక్కు దానంతట అదే లేచింది.

కుదురుగా ఉన్న విమానం ముక్కు లేస్తే తనే దించుకుంటుంది. పైలట్ దాన్ని తోయాల్సిన పని లేదు. ఇది దించుకోవడం లేదు. లేచిన ముక్కు ఇంకా లేస్తోంది. అతను ముక్కును దించడానికి చేతిలోని స్టిక్ ముందుకు తోశాడు. ఈసారి ముక్కు చెరుకు వైపు వాలిపోయింది. వెనక్కి లాగితే ఆకాశం కనిపించింది. చేతిలో స్టిక్‌కు బరువే లేదు.

మందు పోతున్న కొద్దీ ఇది పెరుగుతోందని అతనికి అర్థమైంది. ముందు బరువు తగ్గుతోంది. అంటే వెనక ఏదో బరువుంది. వెంటనే మందు వదిలే లీవర్ మూసేశాడు. ట్యాంకులో మిగిలిన మందే ఇక తన ప్రాణం. దాన్ని ముందు వైపే ఉంచుకుని, వేగం తగ్గించకుండా, ముక్కును వేళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుని బీడు వైపు తిరిగాడు. వేగం తగ్గితే ముక్కు లేస్తుంది. అంత తక్కువ ఎత్తులో ముక్కు లేస్తే మళ్ళీ సరిచేసుకునే చోటు ఉండదు.

ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వేగంతో చక్రాలు తగిలాయి. విమానం బీడంతా దాటి రాజమల్లు చెరుకులోకి దూసుకుపోయి ఆగింది.

ఊరు పరుగెత్తుకొచ్చింది. ఆత్మారాం దిగి నేరుగా తోక దగ్గరికి వెళ్ళి మూత తీశాడు. లోపల గోనెసంచి మూట ఉంది. బయటికి లాగి విప్పాడు. రెండు పెద్ద బెల్లం దిమ్మలు.

"ఇది ఎవలు పెట్టిండ్రు?"

గోదావరి నాయనమ్మ భూమవ్వ నోరు తెరవబోయింది. గోదావరి ముందుకు వచ్చింది.

"నేనే పెట్టిన."

"చెరుకు బండిల బరువంతా ఎనకకు ఏస్తే ఏమైతది?"

"కాడి లేస్తది. ఎడ్ల మెడకు తాడు బిగుస్తది..." ఆమె మాట మధ్యలో ఆగింది. మూట వైపు చూసింది. చెరుకులో ఆగిన విమానం వైపు చూసింది.

"గదే అయింది. బండైతే దిగి సర్దుతవ్. నేనేడ దిగాలె?"

"మా ఇంట్ల కొత్త బండొస్తే దసరా నాడు ఎనక బెల్లం పెట్టి పొలం చుట్టు తిప్పుతం. తిరిగొచ్చినంక ఆ బెల్లం పంచుతం. అప్పుడు ఆ బండి మా ఇంటిదైనట్టు."

"నాకొక్క మాట చెప్పొద్దా?"

"చెప్తనంటే ఇన్నవా?" ఆమె గొంతు పెరిగింది. "ఆ మూత రోజు తీస్తవ్. దినాము చూస్తున్న. అందుకే అండ్ల పెట్టిన. తీస్తవ్, చూస్తవ్, నువ్వే నన్ను అడుగుతవ్ అనుకున్న. ఇయ్యాల ఎందుకు తియ్యలే?"

అతను తోక మూతను బిగించడం మొదలుపెట్టాడు.

"చెప్పు. ఎందుకు తియ్యలే?"

"నీతోని కొట్లాడి ఎక్కిన. రెక్క కాడనే ఆగిపోయిన."

"నా మీద కోపమొస్తే తోక చూడవా?"

"నీ మీద కోపమొస్తే నాకు ఇంకేం కనబడది."

చిన్నయ్య ఒక చెరుకు గడను శ్రద్ధగా పరీక్షించడం మొదలుపెట్టాడు. రాజమల్లు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. భూమవ్వ మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

బోధన్ నుంచి కంపెనీ ఆఫీసర్ రామ్‌దాస్ జీపులో వచ్చాడు. ఏం జరిగిందని అడిగాడు.

"తప్పు నాది," అన్నాడు ఆత్మారాం. "చూడకుంట ఎక్కిన."

"బెల్లం పెట్టింది నేను," అంది గోదావరి.

"నువ్వు ఊకో."

"నా తప్పు నేను చెప్పుకుంటే నీకేంది?"

"నీ తప్పని తేలితే మీ బాపును పిలుస్తరు. నన్ను చెప్పనియ్యి."

"మా బాపుకు కాళ్ళున్నయ్. పోతడు."

"ఒక్కొక్కలు మాట్లాడుండ్రి," అన్నాడు రామ్‌దాస్. అంతా విన్నాక టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. విమానం పూర్తిగా పరీక్ష అయ్యేదాకా కదపొద్దన్నాడు. ఆత్మారాం రేపటి రైలుకు హైదరాబాద్ వెళ్ళి పెద్దవాళ్ళకు జవాబు చెప్పుకోవాలన్నాడు. లైసెన్స్ ఉంటుందో ఊడుతుందో తన చేతిలో లేదన్నాడు. పోతూ పోతూ ఒక బెల్లం ముక్క అడిగి నోట్లో వేసుకున్నాడు.

విమానాన్ని ఎడ్లతో బీడులోకి లాగించారు. నెల రోజుల క్రితం బెదిరిన ఎడ్లే. ఈసారి బెదరలేదు.

సాయంత్రం ఊరివాళ్ళు జమ్మి దగ్గరికి పోయి ఆకు తెచ్చుకున్నారు. ఇంజన్ మోత లేదు. చెరుకు చివర పాతిన జెండా కర్ర మీద పాలపిట్ట వాలింది. భూమవ్వ రెండు చేతులూ ఎత్తి మొక్కి, కొడవలి మొనతో బెల్లం కొట్టి అందరికీ పెట్టింది. ఆత్మారాం దూరంగా రెక్క కింద పెట్టె సర్దుకుంటున్నాడు. ఆమె అక్కడికే వెళ్ళింది.

"తీస్కో కొడుకా. బండి తిరిగొచ్చింది గదా."

అతను తీసుకున్నాడు. తినలేదు.

"మీ అమ్మది ఏ ఊరు?"

"మెండోర."

"మా తల్లిగారిది ఏర్గట్ల. దగ్గరనే." ఆమె వెనక్కి తిరిగి కేక వేసింది. "రాజమల్లూ, ఇటు రా. పిలగానోల్లది మనదిక్కే. సూడు, మాట్లాడేదున్నది."

గోదావరి వచ్చింది. ఇంకా కోపంగానే ఉంది.

"పురుగు పోతే పోత అన్నవ్."

"కోపంల అన్న."

"రేపు లైసెన్స్ గుంజుకుంటే?"

"బస్సెక్కి వస్త."

"లైసెన్స్ ఉంటే విమానంల వస్తవా?"

"విమానంల వస్తే నువ్వు మల్ల రన్‌వే మీద నిలబడతవ్. బస్సే నయం."

ఆమె నవ్వు ఆపుకుంది. "పోయే ముందు తోక చూసి పో."

"ఎగురుతలేను గదా. ఎందుకు చూడాలె?"

"చూడమన్నప్పుడు చూడు. ఒక్కరోజు చూడకపోతే ఏమైందో చూసినవ్ గదా."

అతను ముక్కు దగ్గర మొదలుపెట్టాడు. చెయ్యి రేకు మీద నుంచి తీయకుండా, ఎడమ రెక్క దాటి, నిదానంగా తోక దాకా వెళ్ళి మూత తీశాడు. తీగల పక్కన జమ్మి రెమ్మ ఉంది.

"మల్ల పెట్టినవా?" అన్నాడు. గొంతులో కోపం తెచ్చుకోవాలని చూశాడు.

"దానికి బరువుంటదా?"

అతను రెమ్మను అరచేతిలో పెట్టుకుని తూచినట్టు చూశాడు.

"ఉన్నది," అన్నాడు. జేబులో పెట్టుకుని, చేతిలోని బెల్లం సగం విరిచి ఆమెకు ఇచ్చాడు.